ఫుట్‌బాల్ ఉస్తాద్ సయ్యద్ అబ్దుల్ రహీం

ఆటగాళ్లలో అందరికంటె గొప్పవారెవరన్న వాదం ఒకమారు మొదలైతే ఎన్నటికీ తెగదు. సాయంకాలపు ఆట ముగించి మా కళాశాల మైదానంలో మొరం నేలపై కూర్చున్నపుడు మాలోనూ ఈ వాదమే లేచింది. భారత ఫుట్‌బాల్‌లో అగ్రస్థానం చునీ గోస్వామికి ఇవ్వవలెనని ఒకరు, పి.కె. బెనర్జీకే చెల్లునని మరొకరు, కాదు, సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పెరిగిన మన తులసీదాస్ బలరాంకే దక్కవలెనని ఇంకొకరు పట్టుపట్టినారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పేరు చెప్పినవారూ లేకపోలేదు. ఈ నలుగురూ 1962లో ఒకే జట్టులో ఆడినవారు. ఆ జట్టును తీర్చినవారు పాఠశాల ఉపాధ్యాయులుగా జీవితం ఆరంభించిన ఒక హైదరాబాదీ. ఆ సంగతి జ్ఞప్తికి వచ్చిన పిమ్మట మా వాదం దారి మళ్లింది.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఆ జట్టు తరఫునను, నగరంలో పేరుగాంచిన కమర్ క్లబ్ తరఫునను ఆడినారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో బోధించినారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందిన తరువాత క్రీడల బాధ్యత స్వీకరించినారు. 1943 నుండి చివరి వరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు కూడ నాడు ఆ హైదరాబాదు రాష్ట్రంలోనివే గనుక ఆయనను పరాయి ఊరివారని మేము తలచము.

కార్యదర్శులు పోటీలు జరుపుట వింత కాదు. ఆయన జరిపిన పోటీల తీరే వింత. బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనన్నది ఒక పోటీ నియమం. కుడికాలి వాటం గలవాడు అందులో ఎడమకాలినే నమ్ముకొనవలె. మరొక పోటీలో బంతిని కాళ్ల నడుమ ఆడించుకొంటూ ఒంటరిగా పరుగెత్తుట నిషిద్ధం. అందిన వెంటనే సహచరునికి పంపవలసినదే. పొట్టి పిల్లలు వెనుకబడకుండ ఎత్తుకు పరిమితి విధించిన పోటీలు కూడ నడిపినారు. ఇవన్నీ ఆటలవలె కనిపించును గాని, నిజమునకు ఒక్కొక్కటి ఒక పాఠం. వీటికి పైసా ఖర్చు లేదు. మా మొరం నేలపైన కూడ రేపటి నుండే ఆరంభింపవచ్చును.

1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు మారులు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. డ్యూరాండ్ కప్పును సైతం ఒకటికి మించి మారులు తెచ్చింది. అజీజ్, నూర్ వంటి ఆటగాళ్లు ఈ జట్టువారే. కలకత్తాయే ఫుట్‌బాల్‌కు రాజధాని అనుకొన్న దేశానికి మూసీ ఒడ్డున మరొక రాజధాని కలదని తెలిసింది.

భారత జట్టు శిక్షకులుగా ఆయన జీవితంలో వెలుగుతోపాటు చీకటి కూడ కలదు. 1951లో కొత్త ఢిల్లీలో ఇరాన్‌ను 1-0తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టే, మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో కూలింది. మనవారిలో పలువురు ఉత్తకాళ్లతోనే ఆడిన ఆట అది. ఆ పరాభవం తరువాత బూట్లు తప్పనిసరి అయినవి. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా మన జట్టు నిలిచింది. నెవిల్ డిసౌజా మూడు గోల్సు చేసినాడు. అంతకు ముందటి సుత్తులో హంగేరీ రానందున మనకు ఊరక ముందడుగు దొరికిన మాట కూడ దాచరాదు. సెమీఫైనల్‌లో తొలి గోలు చేసి కూడ మనవారు యుగోస్లావియాకు లొంగినారు. చివరకు నాలుగవ స్థానం దక్కింది. 1960లో రోమ్‌లో ఫ్రాన్సుతో ఆట 1-1గా ముగిసింది. రోమ్‌కు వెళ్లిన ఆ జట్టులో స్వంత కుమారుడు హకీం కూడ ఉన్నాడు. అయినను మైదానంలో దిగు అవకాశం అతనికి రాలేదు.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించింది. థాయిలాండ్‌తో ఆటలో రక్షక శ్రేణి ఆటగాడు జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానీయలేదని భారత ప్రతినిధి ఆక్షేపించినందున స్థానిక ప్రేక్షకులు మనవారిపై మండిపడుచుండినారు. అట్టి స్థితిలో రహీం సాబ్ జర్నయిల్‌ను ఇంట కూర్చుండబెట్టలేదు, వెనుక శ్రేణిలోనూ నిలుపలేదు. కట్టుతోనే ముందు వరుసకు పంపినారు. సెప్టెంబరు 4న అదే కొరియాతో తుది పోటీ జరిగింది. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నయిల్ ఒకటి గోల్సు చేసినారు. 2-1తో స్వర్ణం మనదైంది. అప్పటికే క్యాన్సర్ రహీం సాబ్ దేహాన్ని తొలుచుచుండెను. తొమ్మిది నెలలు తిరుగగానే, 1963 జూన్ 11న, 53 ఏండ్ల ప్రాయంలో కన్నుమూసినారు. క్రీడా గురువులకు ప్రభుత్వం ద్రోణాచార్య పురస్కారం నెలకొల్పినది 1985లో. ఆయన జీవితం ఆధారంగా హిందీ చలనచిత్రం ‘మైదాన్’ వచ్చినది 2024లో.

శిక్షకుడు గోలు చేయడు గదా, అతనిని ఆటగాళ్ల సరసన ఎట్లు తూచెదరని మాలో ఒకరు అడిగినారు. న్యాయమైన ప్రశ్నయే. ఆయన తరువాత ఆ పద్ధతిని నడిపించువారు మిగులలేదే, అది గురువు లోపం కాదా అని కూడ అడిగినారు. 1970లో హైదరాబాదు బిడ్డ నయీముద్దీన్ నాయకత్వాన కంచు పతకం వచ్చిన మాట నిజమే గాని, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం తిరిగి రాలేదు. లోపం గురువుదని మేము అనజాలము. ఆయన వెలిగించిన దీపానికి నూనె పోయనివారిది.

బలరాం పక్షమువారు మాత్రం చివరి వరకు పట్టు విడువలేదు. అప్పుడు మేము వారికొక సంగతి గుర్తుచేసినాము. అమ్ముగూడ నుండి శిక్షణకు రాకపోకల ఖర్చు భరింపలేని ఆ పేద బాలునికి అద్దె సైకిలు కొరకు డబ్బు ఇచ్చినవారు రహీం సాబే.