నోటిపూత వెనుక ఒక జీవితం: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

నోరు పూస్తే మన కోనసీమలో వేడి చేసిందంటాము. కొబ్బరినీళ్లు, మజ్జిగ త్రాగి నాలుగు దినములు ఓర్చుకొంటాము. చాలమందికి అంతటితో తగ్గిపోతుంది. తగ్గని నోటిపూత కూడ ఒకటి ఉన్నది. నాలుక పైపొర అరిగి, నున్నగా, ఎఱ్ఱగా మారుతుంది. కారం మాట అటుంచి, గంజి త్రాగినా మంటే. దానితోపాటు ఆగని విరేచనాలు, రక్తహీనత. మనిషి చిక్కి శల్యమౌతాడు. దీనిని వైద్యులు స్ప్రూ అంటారు. డచ్చి భాషలో నోటిపూతకు ఉన్న మాట నుండి ఆ పేరు వచ్చింది. ఈ వ్యాధి ఇంట జొరబడగా, దాని మందుకు దారి తీసినవారిలో ఒకరైన మన గోదావరి బిడ్డను గూర్చి నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఆనాడు భీమవరమూ మన అమలాపురమూ ఒకే గోదావరి జిల్లాలో ఉండేవి. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. ఖద్దరు ధరించినందుకు ఆంగ్ల ఆచార్యునికి కోపం వచ్చిందనీ, అందుచేతనే పూర్తి డిగ్రీకి బదులు ఎల్.ఎం.ఎస్. దక్కిందనీ చెబుతారు. అంతకన్న పెద్ద దెబ్బ ఇంటిలో తగిలింది. ఇద్దరు సోదరులు కొద్ది దినముల తేడాలో స్ప్రూతో కన్నుమూశారు. వైద్యం చదివిన తమ్ముడో అన్నో ఇంటిలో ఉండి కూడ చేయగలిగినది లేకపోయింది. కారణమే తెలియని వ్యాధికి మందెక్కడిది? తరువాత అదే జబ్బు ఆయనకూ సోకగా, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బ్రతికారు. ఆ ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం బోధించారు కూడ.

అనపర్తి మామగారు కూడబెట్టి ఇచ్చిన సొమ్ముతోను, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతోను అమెరికా చేరారు. హార్వర్డులో చదువుతూ, పొట్టకూటికి రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి, కండరాల శక్తికి మూలమైన పదార్థాలు అనే ఆనాటి గొప్ప పనులను ఇక్కడ వివరించబోము. మన విషయం నోరు. 1938లో డాన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి కుక్కలకు వచ్చే నల్లనాలుక వ్యాధిపై పరిశోధన ప్రచురించారు. మనుష్యులలో నాలుక మండి, చర్మం నల్లబారే పెల్లాగ్రా దాని వంటిదే.

1940లో లెడర్లీ మందుల సంస్థలో చేరారు. అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని విడదీసి, 1945లో కృత్రిమంగా తయారుచేసినట్లు ప్రకటించింది. ఆకుకూరలలో, కాలేయంలో ఉండే విటమిను ఇది. లూసీ విల్స్ అనే వైద్యురాలు అంతకు ముందే బొంబాయి గర్భిణీ స్త్రీల రక్తహీనతలో దీని జాడ పట్టింది. నాలుక పైపొర కొద్ది దినములకొకసారి కొత్తగా పుట్టవలసినది. ఫోలిక్ ఆమ్లం లేనిదే కొత్త కణం పుట్టదు. స్ప్రూ రోగి ప్రేగు దానిని పీల్చుకొనలేదు. అందుకే రక్తం పలుచనవుతుంది, నాలుక నున్నబడుతుంది. టామ్ స్పీస్ అనే వైద్యుడు క్యూబా, పోర్టోరికో దీవుల రోగులకు ఈ మందు ఇవ్వగా, నోటి మంట కొద్ది దినములలోనే చల్లారింది, ఆకలి పుట్టింది.

అయితే నోటిపూత అంతా దీనివల్లనే కాదు. బి12 లోపంలో ఒక్క ఫోలిక్ ఆమ్లమే ఇస్తే రక్తం కుదుటపడినా నరాలు చెడవచ్చు. రెండు వారాలు దాటినా మానని పుండును, ముఖ్యంగా చుట్ట, పొగాకు అలవాటున్నవారు, తప్పక వైద్యునికి చూపాలి.

మన పల్లెలలో బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ కూడ ఆయన బృందం కృషే. 1948 ఆగస్టులో న్యూయార్కులో, 53వ ఏట, నిద్రలోనే మరణించారు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. భార్య శేషగిరి గారు ఇరువది అయిదేండ్లకు పైగా ఎదురుచూశారు. ఆయన ఒక్కసారైనా తిరిగి రాలేదు.