ఆరవ పౌలు పోపు – ఏలూరు పీఠము

కొల్లేటి లంకలలో గాని, ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణములలో గాని నేడు కథోలికుల దేవాలయమున నడుగిడినచో దివ్యపూజ తెలుగున వినబడును. ఇది సహజమే కదా యని మనకు తోచును. 1960వ దశకము నడుమ వరకు ఇట్లు లేదు. గురువు ప్రజలకు వెన్నుచూపి నిలిచి లాటినున పఠించుచుండెడివాడు; అర్థమెరుగని జనులు వెనుక మోకరిల్లి జపమాల త్రిప్పుకొనుచుండెడివారు. ఈ మార్పును ఆచరణమునకు దెచ్చినవాడు ఆరవ పౌలు పోపు.

ఆయన తొలి నామము జొవాన్ని బత్తిస్తా మొంతీని. ఉత్తర ఇటలీలో బ్రేషియా నగరమునకు చేరువనున్న కొంచేజియో గ్రామమున 1897 సెప్టెంబరు 26వ తేదీన జన్మించెను. తండ్రి న్యాయవాది, పత్రికా సంపాదకుడు. బాలుడు దుర్బల శరీరుడగుటచే గురువిద్యను చాలవరకు ఇంటికడ నుండియే అభ్యసించెను. 1920లో గురుపట్టము నొందిన పిమ్మట సుమారు 30 ఏండ్లు వాటికను కార్యాలయమునందే గడచినవి. 1954లో మిలాను అగ్రపీఠాధిపతియై యంత్రశాలలకు పోయి కార్మికులను పలుకరించెను.

మిలానుతో మన సీమకు పాత చుట్టరికము కలదు. ఆ నగరపు విదేశ ప్రేషిత సంఘమునకు చెందిన గురువులు 19వ శతాబ్ది నడుమ నుండి తెలుగునాట పనిచేసిరి. 1937లో ఏర్పడిన బెజవాడ మేత్రాసనమునకు తొలి పీఠాధిపతియైన గ్రాసీ ఆ సంఘమువాడే.

1963 జూన్ 21వ తేదీన మొంతీని పోపుగా ఎన్నికయ్యెను. అంతకు పూర్వపు పోపు ఇరువదిమూడవ యోహాను ప్రారంభించిన రెండవ వాటికను మహాసభ ఆయన మరణముతో ఆగిపోయియుండెను. క్రొత్త పోపు కోరిననే గాని అట్టి సభ తిరిగి సాగదు. ఆరవ పౌలు దానిని సాగించి 1965లో ముగించెను. ఆ సభయే ఆరాధనలో దేశభాషలకు ద్వారము తెరచినది. విద్యార్థులు గమనింపవలసిన దొకటున్నది: ఈయన లాటినును ద్వేషించినవాడు కాడు. ఆ భాషను, దాని గానమును మిక్కిలి ప్రేమించినవాడు. 1969లో క్రొత్త పూజాక్రమము అమలునకు వచ్చుచున్న తరుణమున, లాటినును విడుచుట గొప్ప నష్టమని తానే బహిరంగముగా ఒప్పుకొనెను. అయినను ప్రజలకు అర్థమగుటయే ముఖ్యమని తలచెను. ప్రియమైనదానిని పరుల కొరకు విడుచుట తేలికపని కాదు. పాత పద్ధతిని వీడలేక ఆయనను నిందించినవారును గలరు.

1964 నవంబరులో తన రత్నకిరీటమును బీదల నిమిత్తము వేదికపై నుంచెను. మరుసటి నెల దివ్యసత్ప్రసాద మహాసభకై బొంబాయి వచ్చెను. భారతభూమిపై కాలుమోపిన తొలి పోపు ఈయనయే. అన్యమతస్థుల యెదుట మాటలాడుచు బృహదారణ్యకోపనిషత్తులోని ప్రార్థనను ఆదరముతో స్మరించెను. తనకు వాడుకకిచ్చిన కారును మదర్ థెరీసాకు ఇచ్చిపోగా, ఆమె దానిని లాటరీకి పెట్టి వచ్చిన ధనమును కుష్ఠరోగుల సేవకు వినియోగించెను.

స్వభావముచే ఆయన సంశయాత్ముడు. ఏ విషయమునైనను పలుమార్లు తూచి గాని నిర్ణయింపడు. 1968లో కృత్రిమ సంతాననిరోధమును నిషేధించుచు లేఖ వెలువరింపగా, కథోలికులలోనే పెద్ద అలజడి రేగెను. ఆయన సలహా సంఘములో అధిక సంఖ్యాకులు వేరు అభిప్రాయ మిచ్చియుండిరి. ఆ నిర్ణయము సరియా కాదా యనుట నేటికిని వివాదమే. నిందను మాత్రము మౌనముగా భరించెను.

1976 డిసెంబరు 9వ తేదీన విజయవాడ నుండి వేరుచేసి ఏలూరు మేత్రాసనమును స్థాపించినవాడు ఈయనయే. అంతవరకు పీఠాధిపతిని దర్శింపవలెనన్న కొల్లేటి విశ్వాసి కృష్ణాతీరమునకు పోవలసివచ్చెడిది. జాన్ ములగాడ తొలి పీఠాధిపతియై 2009 వరకు ఆ పీఠమున నుండిరి.

ఏలూరును ఆరవ పౌలు ఎన్నడును చూచియుండలేదు. పీఠస్థాపన జరిగి 20 నెలలైనను నిండకమునుపే, 1978 ఆగస్టు 6వ తేదీన కన్నుమూసెను. 2018లో పోపు ఫ్రాన్సిస్ ఆయనను పునీతునిగా ప్రకటించెను. అంత్యక్రియలనాడు సాదా కొయ్యపెట్టెను నేలపైననే ఉంచి, దానిమీద సువార్త గ్రంథమును తెరచియుంచిరి. తనకు సమాధి మందిరము వలదని వ్రాసియుంచిన ప్రకారము మట్టిలోనే పాతిపెట్టిరి.