శ్రీనాథుడు: కస్తూరి కొలువు నుంచి పొగడదండ దాకా

శ్రీనాథుడి పేరు చెప్పగానే తెలుగువారికి విజయనగరంలో జరిగిన కనకాభిషేకం గుర్తుకు వస్తుంది. పండితులకైతే శృంగార నైషధం గుర్తుకు వస్తుంది. ఆయన జీవితాన్ని చదవడానికి మరో దారి కూడా ఉంది. అది పరిమళాల దారి. కర్పూరం, కస్తూరి, జవ్వాది, చందనం, అగరు, పన్నీరు తెలుగు తీరానికి ఓడల్లో దిగుతున్న కాలంలో ఆయన పెరిగాడు. వాటిని దిగుమతి చేసే వర్తకుడు ఆయనకు బాల్యమిత్రుడు. వాటిని వసంతోత్సవాల్లో వెదజల్లిన రాజుల నీడలో ఆయన కవిగా ఎదిగాడు. ఆ రాజులు పోయాక, పరిమళాలతో పాటు ఆయన పూట గడిచే దారి కూడా మూసుకుపోయింది.

రేవు పట్టణపు వంశం

శ్రీనాథుడు 14వ శతాబ్ది ఉత్తరార్ధంలో జన్మించాడు. తండ్రి మారయ, తల్లి భీమాంబ. తాత కమలనాభుడు కూడా కవి. సముద్రతీరంలోని కాల్పట్టణానికి ఆయన అధిపతి అని శ్రీనాథుడు తన భీమేశ్వర పురాణంలో చెప్పుకున్నాడు. రేవుకు ఏ ఓడ వచ్చింది, ఏ సరకు దిగింది అన్న మాటలు ఆ ఇంట కొత్తవి కావు.

ఆ తీరం అప్పటికే సుగంధ వ్యాపారానికి పేరుపడింది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానులో దెబ్బతిన్న ఓడల సరకును రాజులు స్వాధీనం చేసుకునే పాత అలవాటును మానుకుంటున్నానని, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని అందులో ప్రకటించాడు. సుంకం విధించిన సరకుల్లో చందనం, కర్పూరం, పన్నీరు ఉన్నాయి. కాకతీయ రాజ్యం పతనమయ్యాక కొండవీటి రెడ్డిరాజు అనవోతారెడ్డి 1358లో అదే రేవులో మరో శాసనం వేయించి, వర్తకులకు సుంకాల్లో రాయితీలు ఇచ్చాడు. ఆ విధానపు ఫలితాలు శ్రీనాథుడి తరం అనుభవించింది.

పరిమళం ఒక శాస్త్రం

ఆనాటి విద్యావంతులకు సుగంధం కేవలం విలాసవస్తువు కాదు. దాన్ని గంధయుక్తి అనే విద్యగా అభ్యసించేవారు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో దానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. 16 ద్రవ్యాలను నాలుగేసి చొప్పున తీసుకుని, పాళ్లు మారుస్తూ కలిపితే 1,74,720 పరిమళాలు తయారవుతాయని లెక్క కట్టాడు. అమరకోశం కంఠస్థం చేసిన ప్రతి విద్యార్థికీ యక్షకర్దమం అన్న మాట తెలుసు. కర్పూరం, అగరు, కస్తూరి, తక్కోలం కలిపి నూరిన మైపూత అది.

ఏ కాలంలో ఏది పూసుకోవాలన్నది ఆ విద్యలో ముఖ్య పాఠం. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసం, రాజు అనుభవించదగిన భోగాల్లో మైపూతలను చేర్చి వివరించింది. ఎండాకాలంలో చలువచేసే చందనం, కర్పూరం, పన్నీరు వాడాలి. చలికాలంలో ఒంటికి వెచ్చదనమిచ్చే కస్తూరి, అగరు, కుంకుమపువ్వు వాడాలి. సంప్రదాయం నేర్పిన ఎంపిక ఇది. కర్పూరం త్వరగా ఆవిరై, వెళ్తూ వెళ్తూ చర్మాన్ని చల్లబరుస్తుంది. కస్తూరి, అగరు నెమ్మదిగా విచ్చుకుని చాలాసేపు అంటిపెట్టుకుంటాయి. చందనం తాను పరిమళిస్తూనే, తనతో కలిసిన తేలికపాటి వాసనలను కూడా ఎగిరిపోకుండా పట్టి ఉంచుతుంది. నేటికీ అత్తరు తయారీలో గంధపు నూనెను ఆధారంగా వాడటానికి కారణం ఇదే.

ఈ పరిజ్ఞానం తెలుగు కావ్యాల్లోకి సహజంగా ప్రవేశించింది. శ్రీనాథుడి తరువాతి శతాబ్దంలో అల్లసాని పెద్దన మనుచరిత్రలో, హిమాలయంలో దారితప్పిన ప్రవరుడు గాలిలో తేలివచ్చిన కస్తూరి, కర్పూర తాంబూలాల వాసనను బట్టే సమీపంలో మనుషులు ఉన్నారని గ్రహిస్తాడు. చదువరికి ఆ వాసనల తేడా తెలుసునన్న నమ్మకంతో రాసిన ఘట్టం అది.

వసంతరాయలు, ఆయన సుగంధ భాండాగారం

కొండవీటిని 1386 నుంచి 1402 వరకు పాలించిన కుమారగిరిరెడ్డికి కర్పూర వసంతరాయలు అన్న బిరుదు ఉంది. ఏటా ఆయన జరిపించిన వసంతోత్సవాల నుంచి వచ్చిన బిరుదు అది. ఆ ఉత్సవాల్లో కర్పూరపు పొడి, పన్నీరు, కస్తూరి, కుంకుమపువ్వు కలిపిన గంధజలాలు ధారాళంగా వాడేవారు. రాజ్యభారాన్ని చాలావరకు మోసినవాడు ఆయన బావమరిది, మంత్రి కాటయవేముడు. ఈ మంత్రి కాళిదాసు నాటకాలకు వ్యాఖ్యలు రాసి, వాటికి కుమారగిరిరాజీయమని పేరు పెట్టాడు.

ఇంతటి ఉత్సవానికి సరకు సమకూర్చినవాడు అవచి తిప్పయసెట్టి. నెల్లూరుకు పూర్వనామమైన సింహవిక్రమపట్టణానికి చెందిన వైశ్య కుటుంబం ఆయనది. తిరుమలసెట్టి, సామిసెట్టి ఆయన సోదరులు. కుమారగిరి సుగంధ భాండాగారానికి తిప్పయ అధ్యక్షుడు. విజయనగర హరిహరరాయలకు, బహమనీ సుల్తాను ఫిరోజ్ షాకు కూడా ఆ కుటుంబం సరకు పంపేది. పరస్పరం యుద్ధాలు చేసుకుంటున్న రాజ్యాలు ఒకే వర్తకుడి దగ్గర సుగంధాలు కొనడం ఆ కాలపు విశేషం.

శ్రీనాథుడు తన హరవిలాస కావ్యాన్ని ఈ మిత్రుడికే అంకితమిచ్చాడు. రాజులకు, మంత్రులకు కావ్యాలు అంకితమిచ్చే రోజుల్లో ఒక వర్తకుడు కృతిపతి కావడం గమనించదగ్గది. ఆ కావ్యపు అవతారికలో కవి తన మిత్రుడిని పొగిడిన తీరు ఇంకా విశేషమైనది. వీరత్వాన్నో వంశాన్నో మాత్రమే కీర్తించకుండా, ఆయన ఏ రేవు నుంచి ఏ సరకు తెప్పించాడో వరుసగా చెప్పాడు. పంజార నుంచి కర్పూరం, గోవా నుంచి శుద్ధమైన జవ్వాది, చోటంగి నుంచి కస్తూరి, సింహళం నుంచి ఏనుగులు, హోర్ముజ్ నుంచి గుర్రాలు, చైనా నుంచి పట్టుబట్టలు. మరోచోట నేటి మయన్మార్ తీరంలోని తెనాసెరిమ్, తవాయ్ రేవులను పేర్కొన్నాడు. కప్పలి, జోంగు, వల్లి అంటూ సరకు మోసిన ఓడల రకాలను సైతం నమోదు చేశాడు.

సుమత్రా దీవి పడమటి తీరంలోని బారుస్ రేవు ఆనాడు మేలైన కర్పూరానికి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అరబ్బు వర్తకులు దాన్ని ఫన్సూర్ అనేవారు. పేరు పోలికను బట్టి పంజార అదేనని భావించిన చరిత్రకారులు ఉన్నారు. అక్కడి అడవిలో మహావృక్షాన్ని నరికి, మానును చీల్చి, పగుళ్లలో పేరుకున్న స్ఫటికాలను ఏరేవారు. ప్రతి చెట్టులోనూ కర్పూరం ఉండదు కనుక దాని వెల అధికం. జవ్వాది పునుగుపిల్లి గ్రంథి నుంచి వచ్చే చిక్కని ద్రవం. కస్తూరి హిమాలయాల మగ కస్తూరి మృగం పొట్టకింది తిత్తిలో దొరుకుతుంది. వసంతోత్సవంలో ఒక పూటలో గాలిలో కలిసిపోయే పరిమళం వెనుక ఇన్ని అడవులు, ఇంత సముద్రం, ఇన్ని ప్రాణాలు ఉన్నాయి.

కస్తూరి కోరిన కవి

కుమారగిరి తరువాత 1402లో పెదకోమటి వేమారెడ్డి కొండవీటి సింహాసనం ఎక్కాడు. ఆయన స్వయంగా పండితుడు. అమరుశతకానికి శృంగారదీపిక అనే వ్యాఖ్య రాశాడు. ఆయన ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారి అయ్యాడు. శాసనాలకు పాఠం కూర్చడం, పండితులను పరీక్షించడం ఆ పదవి బాధ్యతలు. నైషధాన్ని తెలుగు చేసి మంత్రి మామిడి సింగనకు అంకితమిచ్చింది ఈ కాలంలోనే. ఆయన జీవితంలో స్థిరమైన ఆదాయం ఉన్న దశ ఇది.

పెదకోమటి వేముడు 1420 ప్రాంతంలో మరణించాడు. మరికొన్నేళ్లకు కొండవీటి రెడ్డిరాజ్యం కూలిపోయింది. నడివయసు దాటిన కవి ఆస్థానాల వెంట ప్రయాణం మొదలుపెట్టాడు. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, ఆయన కంచుఢక్కను పగలగొట్టించాడు. ముత్యాలశాలలో బంగారు నాణేలతో అభిషేకం పొందాడు. కవిసార్వభౌమ బిరుదు దక్కింది. తరువాత రాజమహేంద్రవరం చేరి, భీమేశ్వర పురాణాన్ని బెండపూడి అన్నయమంత్రికి, కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు.

ఈ సంచార జీవితంలోనిదే కస్తూరి కథ. సాంపరాయని కుమారుడైన తెలుంగురాయని దగ్గరకు వెళ్లి, ఆయన ధనమో భూమో కోరలేదు. కస్తూరిని భిక్షగా ఇమ్మన్నాడు. ద్రాక్షారామ సుందరుల మేనిపై అది గుబాళించాలన్నది కోరికలోని సొగసు. ఈ చాటుపద్యం ఆధారంగానే శ్రీనాథుడు భోగలాలసుడన్న పేరు స్థిరపడింది.

అయితే ఆ కోరికను మరోలా కూడా చూడాలి. కస్తూరి బరువులో తక్కువ, విలువలో ఎక్కువ. ఊరూరా తిరిగే మనిషి వెంట తీసుకుపోదగిన సంపద అది. దాన్ని అడగడం రాజు హోదాకు తగిన కోరిక. దాని నాణ్యత గుర్తించగలగడం కవి హోదాకు గుర్తు. తిప్పయసెట్టి స్నేహితుడికి అసలు కస్తూరి ఏదో, కల్తీ ఏదో వేరే ఎవరూ చెప్పనవసరం లేదు. విలాసం ఆయన కవిత్వానికి ఆభరణం మాత్రమే కాదు, అది ఆయన వృత్తిలో భాగం. రాజసభలో నిలబడే కవి ఒంటి నుంచి వచ్చే పరిమళం, ఆయన పద్యంకన్నా ముందే సభను పలకరించేది.

ఆ జీవితంలోని లోపం కూడా అక్కడే ఉంది. వర్తకుడు సుగంధాన్ని కొని అమ్మి, లాభాన్ని మరో ఓడలో పెట్టేవాడు. కవికి అందినది అందినట్లే ఖర్చయ్యేది. కర్పూరంలాగే అది నిలవ ఉండే సొమ్ము కాదు.

పొగడదండ

చివరి రోజుల గురించి మనకు తెలిపేవి ఆయన పేరిట ప్రచారంలో ఉన్న చాటుపద్యాలే. వాటిలో ఒకటి పోయిన పోషకుల జాబితా. వీరభద్రారెడ్డి లేడు, ఇక రత్నాంబరాలు ఎవరిస్తారు? మైలారు ప్రభువు లేడు, రోజు ఖర్చు ఎవరు తీరుస్తారు? తెలుంగురాయడు లేడు, కస్తూరి కోసం ఎవరిని పొగడాలి? విస్సన్నమంత్రి లేడు, బంగారు పళ్లెంలో అన్నం ఎవరి పంక్తిన దొరుకుతుంది? వస్త్రం, దినవెచ్చం, పరిమళం, భోజనం అని ఆయన జీవితం నాలుగు పద్దులుగా తేలింది. వాటిలో కస్తూరికి అన్నంతో సమానమైన స్థానం దక్కింది.

ముసలితనంలో కవి కృష్ణాతీరంలోని బొడ్డుపల్లెను ఏడునూరు టంకాలకు గుత్తకు తీసుకున్నాడు. కృష్ణ పొంగి పంటను తీసుకుపోయింది. మిగిలిన నువ్వులు, పెసలు పిట్టల పాలయ్యాయి. గుత్త చెల్లించలేకపోయాడు. పూలతో పొరలుపొరలుగా పేర్చి వాసన పట్టించిన నువ్వుల నుంచే ఆ రోజుల్లో పరిమళ తైలాలు తీసేవారు. ఆ తైలాలకు అలవాటుపడ్డ మనిషికి ఆ నువ్వుగింజ కూడా దక్కలేదు.

అధికారులు ఆయనను నడివీధిలో ఎండలో నిలబెట్టి శిక్షించారు. మెడకు తగిలించిన ఆ శిక్షాసాధనం పేరు పొగడదండ. పొగడ అంటే వకుళం. ఎండి వాడిపోయిన తరువాత కూడా చాలా రోజులు పరిమళం కోల్పోని పువ్వు అది. పొగడపూల దండ సన్మానానికి గుర్తు. అదే పేరున్న శిక్ష అవమానానికి గుర్తు. రెండూ ఒకే మెడ చూసింది. ఈ శ్లేషను కవి తన శిక్ష గురించిన చాటువులో స్వయంగా వాడుకున్నాడు. పరాభవంలో కూడా మాట మీద పట్టు ఆయనకు తప్పలేదు.

మరణ సమయంలో చెప్పినట్టు ప్రచారంలో ఉన్న పద్యంలో విలాపం లేదు. తాను అమరపురికి బయలుదేరానని, అక్కడి కవుల గుండెలు అదరాలని మాత్రమే ఉంది.

నిలిచినది

నేడు కస్తూరి మృగం భారతదేశంలో రక్షిత జంతువు. దాని కస్తూరి వ్యాపారం నిషిద్ధం. కస్తూరి వాసనకు మూలమైన మస్కోన్ అణువు నిర్మాణాన్ని 1926లో రసాయన శాస్త్రవేత్త లియోపోల్డ్ రుజిచ్కా ఛేదించాక, కృత్రిమ కస్తూరికి దారి తెరుచుకుంది. ఇప్పుడు సబ్బులోనూ సెంటు సీసాలోనూ ఉండేది అలాంటి కృత్రిమ వాసనే. గుళ్లో వెలిగించే కర్పూరం కూడా చాలావరకు కర్మాగారంలో తయారైనదే. శ్రీనాథుడు భిక్షగా అడిగిన పరిమళపు ఛాయ ఈనాడు కిరాణా కొట్లో దొరుకుతుంది.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఒక చిన్న గ్రామం. కొండవీటి కోట గోడలు శిథిలమయ్యాయి. కుమారగిరి భాండాగారంలోని కర్పూరం ఏనాడో గాలిలో కలిసిపోయింది. అందులో ఏమేమి ఉండేవో, ఏ ఓడ ఏ రేవు నుంచి తెచ్చిందో చెప్పే జాబితా మాత్రం హరవిలాసంలో మిగిలింది. దాన్ని రాసి ఉంచినవాడు ఆ భాండాగారపు యజమాని కాదు, అధ్యక్షుడూ కాదు. ఆ అధ్యక్షుడి బాల్యమిత్రుడు.