రెవరెండ్ జాన్ థియోఫిలస్ డెసగులియర్స్: బోధకుడు, శాస్త్రజ్ఞుడు, ఫ్రీమేసన్



మన బొగ్గుగనుల ప్రాంతంలో, ముఖ్యంగా రామగుండం, గోదావరిఖని సంఘాలలో, యౌవనస్థులు తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. ఫ్రీమేసన్లు ఎవరు? మూలమట్టం, కంపాసు కలిపిన వారి గుర్తుకు అర్థమేమి? తలుపులు మూసుకొని లోపల ఏమి చేస్తారు? క్రైస్తవుడు అందులో చేరవచ్చునా? మన దేశంలో వారి భవనాలను జనం జాదూఘర్ అని పిలిచేవారు కనుక, భయంతో పుట్టిన కథలు కూడా చాలా ఉన్నాయి. ఈ ప్రశ్నలకు వాదముతో గాక ఒక మనిషి జీవితముతో సమాధానం చెప్పడం మేలని తలంచి, ఆ సంస్థకు తొలినాళ్ళలో రూపు దిద్దిన ఒక బోధకుని చరిత్రను ఇక్కడ వ్రాస్తున్నాను. ఆయన 18వ శతాబ్దపు ఐరోపాలో పేరెన్నికగన్నవారు. బొగ్గుబాయి పనితో కూడ ఆయనకు సంబంధమున్నది గనుక మన ప్రాంతపువారు ఆయనను తెలిసికొనుట తగియున్నది.

శరణార్థి బిడ్డ

జాన్ థియోఫిలస్ డెసగులియర్స్ 1683 మార్చిలో ఫ్రాన్సు దేశపు లా రోషెల్ పట్టణంలో జన్మించారు. తండ్రి జాన్ హ్యూగెనో సంఘ కాపరి. హ్యూగెనోలనగా ఫ్రాన్సు దేశపు ప్రొటెస్టెంటులు. 1685లో రాజైన 14వ లూయీ నాంట్ శాసనాన్ని రద్దుచేసి, ప్రొటెస్టెంటు ఆరాధనను నిషేధించాడు. కాపరులు రెండు వారాలలో దేశం విడువవలెనని, సామాన్య విశ్వాసులు మాత్రం దాటిపోకూడదని ఆజ్ఞ వచ్చింది. ఆ కాలంలో ఈ కుటుంబం గెర్న్సీ ద్వీపానికి చేరింది. పసివాడిని పీపాలో దాచి ఓడ ఎక్కించారని ఒక కథ వాడుకలో ఉన్నది. కథ ఎట్లున్నా, దేవుని పేరట మనుష్యులు మనుష్యులను తరిమిన కాలంలో ఆయన కన్నులు తెరిచారన్నది నిజం.

తరువాత కుటుంబం లండనుకు వచ్చింది. తండ్రి అక్కడి ఫ్రెంచి శరణార్థుల సంఘంలో పరిచర్య చేసి, ఆ తరువాత ఇజ్లింగ్టనులో బడి నడిపారు. కుమారుడు ఆ బడిలోనే తండ్రికి తోడుగా ఉండేవాడు. 1699లో తండ్రి మరణించేనాటికి ఈయనకు 16 ఏండ్లు. పట్టుదలతో చదివి 1705లో ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చ్ కళాశాలలో చేరారు. 1710లో ఆంగ్లికన్ సంఘంలో డీకనుగా అభిషేకం పొందారు. అదే సంవత్సరం ఆక్స్‌ఫర్డులో ప్రయోగశాస్త్రం మీద ఉపన్యాసాలు మొదలుపెట్టారు. అంటే ఒకే ఏట రెండు పిలుపులను చేపట్టారు.

అందరికీ తెరిచిన తలుపు

1713లో ఆయన లండనుకు మకాం మార్చి, వెస్ట్‌మినిస్టరులోని తన యింట ప్రయోగాలతో కూడిన తరగతులు నడిపారు. ఇంగ్లీషు, ఫ్రెంచి, లాటిన్ మూడు భాషలలోను బోధించేవారు. లెక్కలు రానివారికి సైతం కప్పీలు, తూకాలు, నీటి పంపులు చూపించి న్యూటను సిద్ధాంతాలను అర్థమయ్యేట్లు చెప్పేవారు. 1714లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. అప్పటి అధ్యక్షుడు సర్ ఐజాక్ న్యూటనే. సొసైటీ ముందు ప్రయోగాలు చేసి చూపే పని ఆయనకు అప్పగించారు. సొసైటీవారి కోప్లీ పతకం ఆయనకు 1734, 1736, 1741లలో మూడుసార్లు లభించింది.

ఇక మన సంగతి. బొగ్గుబాయిలో గాలి, నీరు అనే రెండింటి భయం మనవారికి వేరే చెప్పనక్కరలేదు. ఫ్యాను ఆగినా, పంపు ఆగినా షిఫ్టులో ఉన్నవాని ప్రాణం మీదికి వస్తుంది. డెసగులియర్స్ ఈ రెండింటినీ పట్టించుకున్నారు. గనులలో నిలిచిన చెడుగాలిని యంత్రంతో బయటికి లాగవచ్చునని 1727 ప్రాంతంలో రాయల్ సొసైటీ ముందు ప్రయోగం చేసి చూపారు. తరువాత బ్రిటిషు పార్లమెంటు కామన్స్ సభలో ఉక్క తగ్గించడానికి సుమారు 7 అడుగుల చక్రం ఒకటి అమర్చారు. మనిషి చేతితో త్రిప్పితే అది లోపలి గాలిని మార్చేది. నేడు గనుల మీద తిరుగుతున్న పెద్ద ఫ్యానుల వెనుక అట్టి తొలి ప్రయత్నాలున్నవి.

నీటి విషయం. 1712లో డడ్లీ కోట దగ్గర ఒక బొగ్గుగనిలో నీరు తోడుటకు థామస్ న్యూకామెన్ ఆవిరి యంత్రాన్ని నిలిపారు. న్యూకామెన్ ఇనుప సామాను వర్తకుడు. బాప్టిస్టు సంఘంలో బోధించే సామాన్య విశ్వాసి. ఆ యంత్రం ఎట్లు పనిచేయునో వివరంగా వ్రాసి ప్రపంచానికి అందించినవారిలో డెసగులియర్స్ ముఖ్యులు. హంఫ్రీ పాటర్ అను కుర్రవాడు యంత్రపు కవాటాలను మాటిమాటికి చేతితో తెరువలేక త్రాళ్ళు కట్టి, యంత్రమే వాటిని తెరుచుకొనేట్లు చేశాడన్న ముచ్చట కూడ ఆయన గ్రంథం నుండే లోకానికి వ్యాపించింది. చరిత్రకారులు దానిని పూర్తిగా నమ్మరు గాని, పనివాని బుద్ధికి గౌరవమిచ్చిన రచయిత మనస్సు అందులో తెలుస్తున్నది.

లాడ్జీలో పెద్ద

ఇంతగా తలుపులు తెరిచిన మనిషి, తలుపులు మూసుకొనే సంస్థకు ఎట్లు పెద్ద అయ్యారు? దానికి ముందు ఆ సంస్థ పుట్టుక తెలియవలెను.

మేసన్ అనగా రాతిపని మేస్త్రీ. మధ్యయుగంలో ఇంగ్లండు, స్కాట్లండులలో పెద్ద దేవాలయాలు కట్టిన మేస్త్రీలు సంఘాలుగా ఏర్పడ్డారు. పని జరిగేచోట వారు కూడే పాకను లాడ్జీ అనేవారు. ఎడిన్‌బరో లాడ్జీ రికార్డులు 1599 నుండి ఉన్నవి. కాలక్రమాన రాయి పట్టని పెద్దమనుష్యులు కూడ గౌరవసభ్యులుగా చేరసాగారు. పని పోయింది, పనిముట్ల గుర్తులు మిగిలాయి. లండనులోని నాలుగు లాడ్జీలు కలిసి 1717లో గ్రాండ్ లాడ్జీ ఏర్పరచినట్లు వారి సంప్రదాయం చెబుతుంది. ఆ తేదీని కొందరు పరిశోధకులు ప్రశ్నిస్తున్నారు. డెసగులియర్స్ 1719లో మూడవ గ్రాండ్ మాస్టరుగా ఎన్నికైనారు. తరువాత డిప్యూటీ పదవిని పలుమార్లు వహించారు. 1723లో వారి నిబంధనల గ్రంథాన్ని జేమ్స్ ఆండర్సన్ అను ప్రెస్బిటేరియన్ పాస్టరు తయారుచేయగా, దానికి అంకిత వాక్యాలు డెసగులియర్స్ వ్రాశారు. ఆయన ప్రోత్సాహాన కష్టాలలో ఉన్న సభ్యులకు సహాయనిధి ఏర్పడింది. 1731లో హేగ్ నగరంలో లొరేన్ ప్రభువు ఫ్రాన్సిస్‌ను, 1737లో ఇంగ్లండు యువరాజు ఫ్రెడరిక్‌ను ఆయన ఆధ్వర్యంలోనే చేర్చుకున్నారు. ఈ ఫ్రాన్సిసే తరువాత జర్మను దేశాల చక్రవర్తి అయినాడు.

గుర్తుల సంగతి చూద్దాం. మూలమట్టం నీతిగా నడువవలెనని, కంపాసు కోరికలకు హద్దు గీసికొనవలెనని, మట్టపుగుండు నిటారుగా నిలువవలెనని చెప్పుటకు వాడతారు. చెక్కని రాయి మొరటు మనిషికి, చెక్కిన రాయి శిక్షణ పొందినవానికి గుర్తు. మేకు, సుత్తి పట్టిన మన తాపీమేస్త్రీలకు ఇవి వింత కావు. రెండు స్తంభాలు సొలొమోను మందిరపు యాకీను, బోయజు అనునవి. మొదటి రాజుల గ్రంథం 7వ అధ్యాయంలో వాటిని చదువుతాము. హీరాము అను పనివాడు కూడ అక్కడనే ఉన్నాడు. అయితే వారి మూడవ మెట్టులో చెప్పే హీరాము హత్య కథ బైబిలులో లేదు. ఈ తేడాను మన యౌవనస్థులు గుర్తుంచుకోవలెను. బైబిలు పేర్లు కనబడినంతమాత్రాన అది బైబిలు బోధ కాదు. తెలియని గుర్తు కనబడినంతమాత్రాన అది సాతాను పూజయు కాదు.

డెసగులియర్స్ మనస్సును ఇప్పుడు అర్థం చేసికొనవచ్చును. 1723 నిబంధనల ప్రకారం ఏ మతశాఖకు చెందినవారైనను, మనుష్యులందరు ఒప్పుకొనే దైవభక్తి, సత్ప్రవర్తన కలిగియుంటే, లాడ్జీలో కలిసి కూర్చోవచ్చును. మతకలహం, రాజకీయ కలహం లోపలికి తేకూడదు. మతం పేరట ఊరు విడిచి పారిపోయిన కాపరి కుమారునికి ఆ బల్ల ఎంత ఊరట కలిగించిందో ఊహించడం కష్టం కాదు.

అయితే ఆ బల్లకు కొరత ఉన్నది. అదే గ్రంథం స్త్రీలకు, దాస్యంలో ఉన్నవారికి ప్రవేశం లేదన్నది. లోపలి సంగతి తెలియకముందే ప్రమాణం చేయించేవారు. ఈ కారణాలు, మరికొన్ని కారణాల చేత 1738లో పోపు 12వ క్లెమెంటు కతోలికులు చేరకూడదని శాసించారు. రోము సంఘం 1983లో దానిని మరల స్థిరపరచింది. బ్రిటిషు మెథడిస్టు సంఘం 1985లోను, ఇంగ్లండు సంఘం 1987లోను తమ అభ్యంతరాలు వెల్లడించాయి. మరోవైపు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జెఫ్రీ ఫిషర్ వంటివారు సభ్యులుగా ఉన్నారు. మన దేశంలో స్వామి వివేకానంద 1884లో కలకత్తాలో చేరారు. సికింద్రాబాదులో 1822లో లాడ్జీ వెలిసింది. భక్త రామదాసు కథలో మనమెరిగిన తానీషా 1682లో కట్టించిన గోషామహల్ బారాదరి 1872లో ఫ్రీమేసన్ల చేతికి వచ్చింది. 1961లో భారత గ్రాండ్ లాడ్జీ ఏర్పడింది. కాబట్టి ఇది మనకు దూరపు సంగతి కాదు.

మందకు దక్కనిది

డెసగులియర్స్‌ను షాండోస్ డ్యూకు ఆదరించి, లండనుకు చేరువలోని విట్‌చర్చ్ గ్రామ సంఘాన్ని అప్పగించాడు. మనం హల్లెలూయ కోరసు ద్వారా ఎరిగిన హేండెల్ 1717, 1718లలో అదే దేవాలయం కొరకు కీర్తనలు కూర్చారు. అంత మంచి పీఠం గాని, కాపరి తరచు ఊరిలో ఉండేవాడు కాడు. ఉపన్యాసాలు, యంత్రాలు, ఎడిన్‌బరో నీటిసరఫరా పని, లాడ్జీ కూటములు ఆయనను లాగుకొనిపోయేవి. గ్రామంలో సంఘ విధులు సరిగా జరుగుటలేదని డ్యూకే ఫిర్యాదు చేయవలసివచ్చింది. పార్లమెంటులోనికి గాలి తెచ్చిన మనిషి, తన గ్రామపు దేవాలయం తలుపు వేళకు తెరువలేకపోయారు. కాపరిగా ఇది వ్రాయునప్పుడు నాకు బాధ కలుగుచున్నది. పరిచారకులమైన మనకందరికి ఇది హెచ్చరిక. యూనియన్లని, కమిటీలని, కట్టడాలని తిరిగి, రాత్రి షిఫ్టు దిగి వచ్చిన విశ్వాసి యింటికి పోలేని కాపరులు మన కాలంలోను ఉండవచ్చును.

వెస్ట్‌మినిస్టరు వంతెన కొరకు ఆయన యిల్లు కూల్చగా, కోవెంట్ గార్డెనులోని బెడ్‌ఫర్డ్ కాఫీ హౌసులో గదులు తీసికొని అక్కడే తరగతులు నడిపారు. కీళ్ళవాతం బాధించింది. ఏడుగురు పిల్లలలో ఇద్దరు కుమారులే మిగిలారు. ఒకరు బోధకులు, మరొకరు సైన్యంలో ఫిరంగిదళపు అధికారి అయినారు. 1744 ఫిబ్రవరి 29న డెసగులియర్స్ కన్నుమూశారు. లండనులోని సవాయ్ చాపెలులో సమాధిచేశారు. పేదరికంతో దిక్కులేక పోయారని తరువాత ఒక కవి వ్రాశాడు. అది అతిశయమని నేటి పరిశోధకుల అభిప్రాయం.

మనకు ప్రశ్న

ప్రియులారా, క్రైస్తవుడు అందులో చేరవచ్చునా అన్న ప్రశ్నకు నా మట్టుకు నేను చేరవద్దనే చెబుతాను. అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండవలసిన మన నోటికి తెలియని సంగతిమీద ప్రమాణం తగదు. అందరికి ఒప్పుదల కావలెనని క్రీస్తు నామాన్ని వాకిట విడిచిపెట్టు ప్రార్థన మనకు చాలదు. అయితే చేరినవారిని ద్వేషించుటకు, కట్టుకథలు ప్రచారం చేయుటకు మనకు అధికారం లేదు.

అంతకన్న పెద్ద ప్రశ్న మన మీదికే వస్తుంది. ఒక కాపరి కుమారుడు సహోదరత్వాన్ని వెదకుచు దేవాలయం వెలుపల మరొక గదికి ఎందుకు పోవలసివచ్చింది? అప్పటి సంఘాలు ఒకదానినొకటి తరుముకొన్నందున గదా! మన బొగ్గుబాయిలలో దిగేటప్పుడు ఎవరిది ఏ కులమో, ఏ జిల్లానో పైకప్పు అడుగదు. ప్రక్కవాని క్యాపుల్యాంపు వెలుగే మనకు వెలుగు. పైకి వచ్చి ఆదివారం దేవాలయంలో కూర్చున్నప్పుడు ఆ భేదాలు మరల బెంచీలెక్కి కూర్చుంటున్నవా? క్రొత్తగా బదిలీమీద వచ్చిన కార్మికుని కుటుంబాన్ని, విధవరాలిని, వేరే సంఘం నుండి వచ్చినవారిని మనం ఎట్లు చేర్చుకొనుచున్నాము?

పేతురు వ్రాసినట్లు మనము సజీవమైన రాళ్ళుగా కట్టబడుచున్నవారము, మూలరాయి క్రీస్తే. ఆ కట్టడంలో స్త్రీకి, దాసునికి, పరదేశికి చోటున్నది. ప్రవేశానికి రహస్య సంకేతమేమియు లేదు. నూరేండ్ల పండుగ చేసికొనుచున్న మన డయాసిసులో ప్రతి దేవాలయపు తలుపు అట్లు తెరిచియుండునట్లు, ప్రతి కాపరి తన మంద నడుమ కనబడునట్లు ప్రభువు సహాయము చేయును గాక. ఆమేన్.