ఖైదీ తల్లుల పాలిటి అమ్మ – ఎలిజబెత్ ఫ్రై

జైలు అనగానే మన ఇందూరు ప్రాంతం వారికి ఖిల్లా జైలు, అందులో బందీగా ఉన్న కవి దాశరథి గారు గుర్తుకొస్తారు. కానీ ఏ నేరమూ చేయకుండానే జైలు గోడల మధ్య పెరిగేవారు కూడా ఉన్నారు. వారే ఖైదీ తల్లుల ఒడిలోని పసిపిల్లలు. ఆ పిల్లల కోసం, ఆ తల్లుల కోసం రెండు వందల ఏళ్ళ క్రితమే పాటుపడిన మహనీయురాలు ఎలిజబెత్ ఫ్రై. ఆమె జీవితాన్ని మన హాస్టల్ మిత్రులకు పరిచయం చేస్తున్నాము.

ఎలిజబెత్ 1780 మే 21న ఇంగ్లాండులోని నార్విచ్ పట్టణంలో సంపన్న కుటుంబంలో జన్మించారు. పన్నెండేళ్ళకే తల్లిని పోగొట్టుకున్నారు. వారిది క్వేకర్లనే క్రైస్తవ శాఖ. ప్రతి మనిషిలోనూ దేవుని వెలుగు ఉంటుందని వారి విశ్వాసం. 1800లో జోసెఫ్ ఫ్రైని పెళ్ళి చేసుకుని లండన్ చేరారు. ఆ దంపతులకు 11 మంది సంతానం.

1813లో ఒక మత ప్రచారకుడు చెప్పగా ఆమె లండన్‌లోని న్యూగేట్ జైలుకు వెళ్ళారు. సుమారు 300 మంది స్త్రీలు పిల్లలతో సహా ఇరుకు గదుల్లో కిక్కిరిసి ఉన్నారు. పడుకోవడం, వండుకోవడం అన్నీ అక్కడే. ఆ రోజుల్లో చిన్న దొంగతనానికి కూడా ఉరిశిక్ష పడేది. చలికి వణుకుతున్న పసికందులకు ఆమె బట్టలు తెచ్చి ఇచ్చారు. తరువాత 1815లో ఆమె తన చిన్నారి కూతురినే పోగొట్టుకున్నారు. ఆ దుఃఖాన్ని దిగమింగుకుని మళ్ళీ జైలు బాట పట్టారు.

ఈసారి ఆమె ఆ తల్లులను మీరేం నేరం చేశారని అడగలేదు. మీ పిల్లల కోసం ఏం చేద్దామని అడిగారు. బడి పెట్టాలని అందరూ కలిసి నిర్ణయించారు. ఖైదీల్లోనే చదువు వచ్చిన మేరీ కానర్‌ను టీచరుగా ఎన్నుకున్నారు. ఇది సాగే పని కాదని అధికారులు అన్నారు. అయినా ఖాళీగా ఉన్న ఒక గదిలో బడి మొదలైంది. పిల్లలను చూసి తల్లులు కూడా మాకూ చదువు చెప్పమని ముందుకొచ్చారు.

1817లో ఆమె కొందరు స్త్రీలతో కలిసి ఒక సంఘం స్థాపించారు. రోజూ బైబిల్ చదివి వినిపించడం, కుట్టుపని, అల్లికలు నేర్పడం, శుభ్రత పాటింపజేయడం ఆ సంఘం పనులు. బూతులు, జూదం, తగవులు వద్దన్న నియమాలను కూడా ఖైదీలే చేతులెత్తి ఒప్పుకున్నారు. తల్లి నోటి మాటే కదా బిడ్డకు మొదటి పాఠం!

1818లో పార్లమెంటు సంఘం ముందు ఆమె జైళ్ళ పరిస్థితిని వివరించారు. ఆస్ట్రేలియాకు ప్రవాస శిక్షపై వెళ్ళే స్త్రీలకు ఓడల్లో కుట్టుసామాను అందేలా చూశారు. స్త్రీ ఖైదీలకు స్త్రీలే కాపలా ఉండాలని 1823లో చట్టం వచ్చింది. సొంత పిల్లలను వదిలి జైళ్ళ చుట్టూ తిరుగుతోందని కొందరు నిందించారు. 1828లో భర్త వ్యాపారం దివాలా తీసింది. అయినా ఆమె తన సేవ మానలేదు. 1845 అక్టోబరు 12న కన్నుమూశారు. 2002 నుండి 2017 వరకు ఇంగ్లాండు 5 పౌండ్ల నోటుపై ఆమె బొమ్మ ఉండేది.

మిత్రులారా! ఈ కథ మనకు దూరమైనది కాదు. ఆర్.డి.ఉపాధ్యాయ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 2006లో సుప్రీంకోర్టు ముఖ్యమైన ఆదేశాలిచ్చింది. వీలైనంత వరకు గర్భిణీ ఖైదీలకు కాన్పు జైలు బయటి ఆసుపత్రిలో జరగాలి. జైలులో పుట్టినా జనన ధ్రువపత్రంలో జైలు పేరు రాయకూడదు. బిడ్డ ఆరేళ్ళ వరకు తల్లి దగ్గర ఉండవచ్చు. తరువాత తల్లి కోరిన వారి దగ్గరికో, సాంఘిక సంక్షేమ శాఖ నడిపే సంస్థకో పంపాలి.

అంటే అటువంటి తమ్ముడో చెల్లెలో మనలాంటి హాస్టల్‌కే రావచ్చు. అప్పుడు మీ అమ్మ ఏం చేసిందని అడగవద్దు. కంచం పక్కన కంచం పెట్టి, పుస్తకం చేతికిద్దాం. ఎలిజబెత్ ఫ్రై దైవభక్తితో చేసిన పని అదే. ఏ దేవుణ్ణి కొలిచేవారమైనా మనమూ ఆ పని చేయగలం.