పరపతి: భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి సహకారకృషి

తెలుగున పరపతి యను మాటకు రెండర్థములు గలవు. అప్పు పుట్టు యోగ్యత యొకటి. సంఘమున నొకని మాటకు గల విలువ మఱియొకటి. హిందీలోని సాఖ్ అను పదమును ఈ రెంటినే చెప్పును. ఈ యర్థములు వేఱు కావని యెఱిగి పనిచేసినవారు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. కాంగ్రెసు చరిత్రకారులుగా, 1948లో జయపురపు కాంగ్రెసు అధ్యక్షులుగా ఢిల్లీలో వారి పేరు తెలియును. బ్యాంకుల స్థాపకులుగా ఆంధ్రదేశము వెలుపల వారి నెఱిగినవారు తక్కువ.

వారు 1880 నవంబరు 24న గుండుగొలనులో బీదకుటుంబమున జన్మించిరి. మద్రాసులో వైద్యవిద్య ముగించి మచిలీపట్నమున వైద్యవృత్తి నవలంబించిరి. అప్పటికి కృష్ణ ఆనకట్ట పూర్తియై అర్ధశతాబ్దము గడచినది. డెల్టాలో ధాన్యము పండుచుండెను గాని, నాట్లనాడు సామాన్యరైతు చేత రొక్కముండెడిది కాదు. అప్పు తెచ్చి నాటిన పంటను, ధర పెరుగువఱకు నిలుపుకొనలేక, కళ్లములోనే కొలిచి యిచ్చెడివాడు.

1904 నాటి చట్టము పదిమంది కలిసి పరపతిసంఘముగా నేర్పడుట కవకాశ మొసగినది. గ్రామసంఘమున సభ్యుల బాధ్యత అపరిమితము. ఒకడు బాకీ చెల్లింపనిచో తక్కినవారి ఆస్తియు పూచీ పడవలెను. కావున సభ్యుని చేర్చుకొనునపుడు వాని పొలముతోపాటు నడవడియు విచారింపవలసి యుండెను. ఆ విచారణ ఊరివారే చేయగలరు. పట్టణపు గుమాస్తాకు సాధ్యము కాదు. అయితే ఊరిలో నమ్మక మున్నంత మాత్రమున సొమ్ము పుట్టదు. జిల్లా కేంద్రమున డిపాజిట్లు చేర్చి గ్రామసంఘముల కిచ్చు బ్యాంకులకు 1912 చట్టము దారి చూపగా, 1915లో సీతారామయ్యగారు కృష్ణా సహకార కేంద్ర బ్యాంకును నెలకొల్పిరి.

పంటకు పంటకు తీరు అప్పులకే యిది చాలును. స్వల్పకాలపు డిపాజిట్లతో పాతబాకీలు తీర్చుట కుదరదు. అందులకు 1927లో వడ్లమన్నాటి భూమితనఖా బ్యాంకు వెలసెను. అంతకుముందే, 1923 నవంబరులో, లక్షరూపాయల చెల్లింపు మూలధనముతో ఆంధ్రాబ్యాంకు ఆరంభమైనది. అది వాటాదారుల బ్యాంకు, సహకారసంఘము కాదు. దీనిని మార్గాంతరముగా తలచుట కవకాశము కలదు. కాని వర్తకమునకు వలయు ధనమును గ్రామసంఘముల నిధినుండి తీయకుండుటయే ఉచితమని తోచును. తమ సంస్థలలో ఉత్తరప్రత్యుత్తరములు తెలుగుననే సాగవలెనని వారు పట్టుపట్టిరని ప్రతీతి. వ్రాలుచేయువానికి పత్రము తెలియకున్న, పూచీ యను మాట కర్థమేమి?

1947లో రాజ్యాంగసభ చీఫ్ కమిషనరు రాష్ట్రములపై వేసిన ఉపసంఘమునకు వారే అధ్యక్షులు. ఢిల్లీకి శాసనసభయు, బాధ్యతాయుత ప్రభుత్వమును ఉండవలెనని ఆ సంఘము సూచించినది. తమ వ్యవహారము తామే నడుపుకొనగలరను ఆ విశ్వాసము వారికి గ్రామసంఘములనాటిదే.

అయినను ఆ కృషి హద్దును చెప్పక తప్పదు. 1951-52 నాటి అఖిలభారత గ్రామీణ పరపతి పరిశీలనలో, రైతుల అప్పులలో సహకారసంఘములు ఇచ్చినది నూటికి మూడుపాళ్లు మాత్రమే. వడ్డీవ్యాపారులు ఇచ్చినది డెబ్బదికి చేరువ. పూచీ నిలుచువాడు దొరకని కౌలుదారు, కూలివాడు సంఘపు గడప తొక్కుట అరుదు. ఇతరుల బాకీకి తమ పొలమును ఒడ్డువారు పొలము లేనివానిని చేర్చుకొనుటకు జంకిరి. ఐకమత్యమే ఇచట అడ్డుగోడ యైనది. ఈ చిక్కు సీతారామయ్యగారి కాలమున విడలేదు.

వారు 1959 డిసెంబరు 17న కీర్తిశేషులైరి. ఆంధ్రాబ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. 1915 నాటి సహకార బ్యాంకు మాత్రము కృష్ణాజిల్లాలో నేటికిని పనిచేయుచున్నది.