విదుషీమణి పండిత రమాబాయి

పశ్చిమ కనుమలలో తుంగ, భద్ర నదులు పుట్టే గంగామూల అరణ్యంలో అనంతశాస్త్రి డోంగ్రే అను పండితుడు కుటీరం కట్టుకొని కాపురముండేవాడు. స్త్రీకి సంస్కృతం చెప్పరాదను కాలంలో ఆయన తన భార్య లక్ష్మీబాయికి కావ్యాలు, పురాణాలు నేర్పినాడు. తోటి పండితులు తప్పుపట్టగా ఉడిపి సభలో శాస్త్రప్రమాణాలు చూపి తన పక్షం నిలబెట్టుకొన్నాడు. ఆ దంపతులకు 1858 ఏప్రిల్ 23వ తేదీన కలిగిన బిడ్డయే రమాబాయి.

బిడ్డ పసికందుగా ఉండగనే ఆ కుటుంబం తీర్థయాత్రలకు బయలుదేరినది. శాస్త్రి వృద్ధుడైనందున కూతురికి తల్లియే గురువైనది. తెల్లవారకముందే, పక్షులు కూయకముందే, నిద్రమత్తులోనున్న పిల్లను ఒడిలో కూర్చుండబెట్టుకొని లక్ష్మీబాయి శ్లోకాలు వల్లెవేయించేది. పన్నెండవ ఏటికే రమాబాయికి భాగవత శ్లోకాలు వేలకొలదిగా కంఠస్థమైనవని చెబుతారు. ఆలయ మండపాలలో పురాణం చదువగా భక్తులిచ్చిన సంభావనలే వారికి జీవనాధారం.

1870 తరువాతి సంవత్సరాలలో చెన్నరాజధానిలో దారుణమైన కరవు వచ్చినది. పురాణం వినేవారు లేరు, ఇచ్చేవారు అంతకన్న లేరు. కూలిపనికి పోవుటకు పండితవంశాభిమానం అడ్డువచ్చినది; చేతిపని ఏదియు వారికి రాదు. నగలు పోయినవి, పాత్రలు పోయినవి. తిరుపతిలో చివరి బియ్యపుగింజ కూడా అయిపోయిన తరువాత, దాపుననున్న అడవిలో పదునొకండు దినాలు ఆకులు, నీళ్లు, గుప్పెడు ఈతపండ్లతో గడిపినారు. అటుపిమ్మట తండ్రి, తల్లి, అక్క ఒకరి వెనుక ఒకరు కన్నుమూసినారు. మిగిలినవారు రమాబాయి, ఆమె అన్న శ్రీనివాసుడు.

ఆ అన్నాచెల్లెళ్లు కాలినడకన దేశమంతా తిరిగి 1878లో కలకత్తా చేరినారు. ఇరువదేండ్ల కన్య సంస్కృతంలో ధారాళంగా ప్రసంగించుట చూచి పండితలోకం విస్తుపోయినది. ఆమెకు ‘పండిత’, ‘సరస్వతి’ అను బిరుదులిచ్చి గౌరవించినది. ఆ సన్మానంతోనే ఆమె తృప్తిపడియుంటే ఈనాడు ఆమె పేరు తలచుకొనవలసిన పని ఉండేది కాదు. సభలలో కరతాళధ్వనులందుకొన్న పండితులు మన దేశంలో ఎందరు లేరు!

కష్టాలు మరల చుట్టుముట్టినవి. 1880లో అన్న మరణించినాడు. అదే సంవత్సరం కులాంతర వివాహం చేసికొన్న బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ మేధావి 1882 ఫిబ్రవరిలో కలరాకు బలియైనాడు. ఏడాది నిండని కుమార్తె మనోరమను ఎత్తుకొని ఆమె పూనా చేరినది. అక్కడ ఆర్య మహిళా సమాజం స్థాపించినది. అదే ఏట హంటర్ విద్యాసంఘం ఎదుట సాక్ష్యమిచ్చి, స్త్రీలకు ఉపాధ్యాయినులు, వైద్యురాండ్రు కావలెనని వాదించినది. ‘స్త్రీధర్మనీతి’ అను మరాఠీ గ్రంథం వ్రాసి, దానిపై వచ్చిన సొమ్ముతో 1883లో ఇంగ్లాండుకు ఓడ ఎక్కినది.

వైద్యవిద్య నేర్చుకొనవలెనని ఆమె తలంపు. చెవుడు దానికి అడ్డుపడినది. కాని లండనులోని ఫుల్‌హాంలో ఆమె చూచిన దృశ్యం జీవితాన్ని మలుపు త్రిప్పినది. లోకం వెలివేసిన పతిత స్త్రీలను క్రైస్తవ సన్యాసినులు తోబుట్టువులవలె సేవిస్తున్నారు. పతితపై ఇంత దయ తాను చదివిన శాస్త్రాలలో ఎక్కడను ఆమెకు కనబడలేదు. 1883 సెప్టెంబరు 29న ఆమె బాప్తిస్మం పొందినది. అయినను మతాచార్యులు చెప్పినదెల్లా తలయూపి ఒప్పుకొనలేదు. తండ్రి వాదపటిమ ఆమెలో చావలేదు. సిద్ధాంత విషయాలలో తనకు తోచినది నిర్భయంగా ఎదురాడినది.

1886లో ఆనందీబాయి జోషీ వైద్యపట్టం పొందు ఉత్సవానికై అమెరికా వెళ్లినది. మరుసటి ఏట అగ్రవర్ణ హిందూస్త్రీల దురవస్థపై ఆంగ్లంలో గ్రంథం ప్రకటించినది. బోస్టనులోని మిత్రులు పదేండ్లపాటు ధనసహాయం చేయుటకు ఒక సంఘంగా ఏర్పడినారు. ఆ బలంతో 1889 మార్చి 11న బొంబాయిలో వితంతువుల కొరకు ‘శారదా సదనం’ వెలసినది. మరుసటి సంవత్సరం అది పూనాకు మారినది. అక్కడి తొలినాటి విద్యార్థినులలో ఒకరైన గోదూబాయిని తరువాత కార్వే పండితుడు వివాహమాడినాడు.

సదనంలో మతబోధ జరుగదని ఒప్పందం. కాని కొందరు బాలికలు రమాబాయి ప్రార్థనలలో కూర్చుండసాగినారు. 1893లో పూనాలో పెద్ద అలజడి లేచినది. రానడే, భండార్కర్ వంటి మిత్రులు సైతం తప్పుకొన్నారు, పలువురు పిల్లలను ఇండ్లకు తీసికొనిపోయినారు. బిడ్డలను అప్పగించిన తలిదండ్రుల భయమును అర్థం చేసికొనదగినదే. తన గది తలుపు మూసి ప్రార్థించుకొనుమనిన అది ఆమె స్వభావానికి సరిపడనిది.

1896-97లో మధ్యపరగణాలలో కరవు వచ్చినప్పుడు, తిరుపతి అడవిలో ఆకులు తిన్న స్త్రీ ఊరకుండలేకపోయినది. స్వయంగా పోయి సుమారు మూడువందల మంది దిక్కులేని బాలికలను, స్త్రీలను తెచ్చినది. ప్లేగు నిబంధనలవల్ల వారిని పూనాలో ఉంచుటకు వీలులేక, కేడ్‌గాం గ్రామంలో తాను కొనియుంచిన భూమికి చేర్చినది. అదియే ‘ముక్తి’ సదనం. అక్కడ చదువుతోబాటు నేత, నూనెగానుగ, తోటపని, అచ్చుపని నేర్పేవారు. అంధబాలికలు వ్రేళ్లతో చదువుట నేర్చినారు. చేతిపని రాకనే తనవారు ఆకలికి గురియైనారని ఆమె మరువలేదు.

చివరి పదునైదేండ్లకు పైగా ఆమె చేసిన పని మరొకటి. బైబిలును గ్రామస్త్రీలకు తెలియు మరాఠీలోనికి తేవలెనని, నడివయసు దాటిన తరువాత హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చినది. సంస్కృతంలో సరస్వతి బిరుదు పొందిన ఆమె ఈ గ్రంథంలో సంస్కృత పదాలనే ఏరి ఏరి విడిచినది. పొలంలో కలుపుతీయు స్త్రీకి అందని మాట ఎంత సొగసైనదైనా ఆమెకు అక్కరలేకపోయినది. పండితునికి ఇంతకన్న కఠినమైన త్యాగం ఉండదేమో! 1921లో కుడిభుజంగా నిలిచిన మనోరమ మరణించినది. ఆ దుఃఖంలోను ప్రతులు దిద్దుట మానలేదు. 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూసినది. ముక్తి సదనపు అచ్చుయంత్రంపై, అక్కడి స్త్రీలే కూర్చిన అక్షరాలతో, ఆ మరాఠీ బైబిలు 1924లో వెలువడినది.